మూఢంలో రెండు గుర్రాలు

శుక్ర మూఢం వచ్చింది.
ముహూర్తాల్లేవు, మండపాలకు తాళాలు.
వించిపేటలో ఖుర్షీద్ వాళ్ళ జిలానీ మామూకి ఉన్న
రెండు పెళ్లి గుర్రాలూ
పని లేక గడ్డి నములుతూ గోడకేసి చూస్తున్నాయట.
"నీకు ఆఫ్ ఎప్పుడే?" అని ఫోను.
"గురువారం."
"చుడీదార్ వేసుకుని రా. చీరలో వచ్చావా, చంపేస్తా."

నేను బస్సు కండక్టర్ని.
పదకొండేళ్లుగా నిలబడే ఊరంతా తిరిగినదాన్ని.
కూర్చుని కదలడం ఎలా ఉంటుందో
కాళ్ళు మర్చిపోయాయి.

ఐదింటికి బ్యారేజీ కింద ఇసక.
పైన దీపాలు ఇంకా ఆర్పలేదు.
కృష్ణ వేసవికి సన్నబడి
ఓ పక్కకి ఒత్తిగిలి పడుకుంది,
మంచంలో మిగతా చోటంతా మాకొదిలేసి.

ఖుర్షీద్‌కి చాందినీ. తెల్లది, రాణిగారి వాలకం.
నాకు కలెక్టరు.
గోధుమ రంగు, నుదుట చుక్క,
జూలులో ఏ పెళ్లిదో ఇంకా ఊడని జరీ పోగు.
రంగుల డబ్బా బోర్లించి ఎక్కమన్నాడు మామూ.
మొదటిసారి ఇటు నుంచి ఎక్కి అటు నుంచి దిగాను.
రెండోసారి నిలిచాను.
అమ్మో, ఎంత ఎత్తు!
కళ్ళేన్ని టికెట్ మిషన్‌లా గుండెకి హత్తుకుంటే
నోట్లోంచి ఏమొచ్చిందనుకున్నారు?
"రైట్... రైట్!"

కలెక్టరు కదిలాడు.
ఖుర్షీద్ నవ్వీ నవ్వీ చాందినీ మెడ మీద వాలిపోయింది.

ఇరవై అడుగులు. ఆగాడు.
"రైట్" అన్నా. ఊహూ.
మడమతో తట్టా. ఊహూ.
పక్కన చాందినీ కూడా బొమ్మలా నిలబడింది.
"చెడిపోయాయా మామూ?"
"చెడిపోవడమేంటమ్మా! వాటికొచ్చిన నడకే అది.
ఇరవై అడుగులేసి ఆగాలి.
ముందు కుర్రాళ్ళు ఎగరాలి.
అప్పుడు మళ్ళీ ఇరవై."

దిగింది ఖుర్షీద్.
మందుల షాపులో లెక్కలు రాసే మనిషి,
మోకాలికి బెల్టు కట్టుకునే మనిషి,
చున్నీ నడుముకి బిగించి
రాని బ్యాండుకి చిందేసింది.
మామూ నోటితోనే డప్పు, డండనక డండనక.
ఇసక ఎగిరి నా పళ్ళలో పడింది.
వల విదిలిస్తున్న కుర్రాడొకడు చూసి
ఈల వేశాడు.
"ఒకటేస్తే ఆగాలిరా, ఇంకోటెయ్యి!" అని అరిచాను.
ఆమె మళ్ళీ ఎక్కేదాకా ఆగి
వేశాడు.

అదే క్షణాన రైలు వంతెన మీద
తెనాలి ప్యాసింజరు కూత.

నడక కాదు, అడుగూ కాదు,
దాని పేరు నాకు తెలీదు.
నేల అప్పుడప్పుడూ తగులుతోంది, అంతే.
నా జడ ఊడింది. ఓ చెప్పు ఎటో పోయింది.
"కళ్ళు తెరవ్వే!" అని ఖుర్షీద్ కేక.
తెరిచాను.
పన్నెండేళ్లు పెళ్లికొడుకుల్ని మోసిన వీపు
ఏ మండపానికీ కాకుండా పరిగెడుతోంది.
రైల్లో ఎవరో చెయ్యూపారు.
ఊపడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.

బెజవాడ ఎండ ఎనిమిదింటికే డ్యూటీ ఎక్కేస్తుంది.
గట్టు మీద ముంజలు తిన్నాం, మోచేతుల దాకా కార్చుకుంటూ.
కలెక్టరుకి బెల్లం ముక్క.
"మామూ, టికెట్ ఎంత?"
"మూఢంలో డబ్బు పుచ్చుకోకూడదమ్మా" అని
మొహం తిప్పుకుని అబద్ధమాడాడు.

తిరుగుదారిలో తాళమేసిన ఫంక్షన్ హాలు ముందు
గుర్రాలు రెండూ వాటంతటవే ఆగిపోయాయి.
వాచ్‌మన్ లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.
"పెళ్లా? ఇవాళా? పెళ్లికొడుకేడి?"
"రానన్నాడు," అంది ఖుర్షీద్, "అందుకే మేమొచ్చాం."

మర్నాడు కంకిపాడు బస్సు.
నిలబడితే తొడలు, కూర్చుంటే నడుము.
"ఏమైందమ్మా, జారిపడ్డావా?" అంది పూలబుట్ట ముసలమ్మ.
"గుర్రమెక్కానే అవ్వా."
బస్సంతా నవ్వింది. ఒక్కరూ నమ్మలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర
ఇరవై అడుగులు కదిలి ఆగాం.
మళ్ళీ ఇరవై. మళ్ళీ ఆగాం.
ఎండలో హారన్లు, డ్రైవరు తిట్లు.
ఒసే ఖుర్షీదూ,
ఆ లెక్కలు పక్కన పడేసి రా.
బస్సు ముందు నించుని
కాస్త చిందేసి పో.